మరణశయ్య, వసీయత్, ఖబరు: ఇంటి పెద్ద ముందే తేల్చవలసిన నాలుగు విషయాలు

మరణం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వస్తుందని మాత్రం అందరూ ఎరుగుదురు. ఇంత ఖచ్చితంగా తెలిసిన విషయానికి మన ఇళ్ళలో జరిగే సన్నాహం చాలా స్వల్పం. పెళ్ళికి ఆరు నెలల ముందునుంచి లెక్కలు వేసుకునే కుటుంబం, ఇంటి పెద్ద మంచాన పడిన తరువాత కూడా ఆయన అప్పుల సంగతి, వైద్యం సంగతి, ఖననం సంగతి నోరెత్తి మాట్లాడదు. మాట్లాడితే అపశకునమని, ఆయన పోవాలని కోరుకున్నట్లవుతుందని భయం. పెద్దాయన కూడా పిల్లలు బాధపడతారని మౌనం వహిస్తాడు. ఇరువైపులా ప్రేమే ఉంది. అయితే ఆ ప్రేమ మౌనంగా ఉండిపోవడం వల్ల, ఆయన కన్నుమూసిన నాడు ఇల్లంతా అయోమయంలో పడుతుంది.

ఇస్లాం చనిపోయిన మనిషికి కావలసినవి చాలా కొద్దిగా ఉంచింది. కొంత నీరు, కొంత గుడ్డ, కొంత నేల, కొందరి దుఆ. వీటికి పెద్ద ఖర్చు లేదు. మరణాన్ని భారంగా మార్చేవి వేరే ఉన్నాయి. బ్రతికి ఉండగా మనిషి తేల్చకుండా వదిలేసిన విషయాలే ఆ భారం. వాటిని తేల్చడం తన వారిపట్ల చేయగల చివరి దయ. ఈ వ్యాసంలో చెప్పదలచిన మాట ఇదే.

బొబ్బిలి అనగానే తెలుగువారికి 1757 జనవరి 24 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన, విజయనగరం సేన కోటను ముట్టడించగా, మృత్యువు ఒక్క రోజులోనే వచ్చి తన పని ముగించుకుని పోయింది. ఈ ఊరి పేరుకు మూలం శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని ‘షేర్’ అనే మాట అనీ, దానికి తెలుగైన ‘పెబ్బులి’ నుంచే బొబ్బిలి వచ్చిందనీ స్థానికంగా ఒక సంప్రదాయం ఉంది. అంటే ఈ గడ్డమీద ముస్లింల ఉనికి కొత్తది కాదు. కాని ఈ ఉత్తరాంధ్ర ప్రాంతంలో మన సంఖ్య మొదటినుంచీ తక్కువే. హైదరాబాదు, కర్నూలు వంటి నగరాలలో వలె ఇక్కడ వీధికొక మస్జిదు, పిలిస్తే పలికే పదిమంది ఆలింలు ఉండరు. గుస్ల్ ఇవ్వడం తెలిసిన స్త్రీలు ఒకరిద్దరే ఉండే ఊళ్ళు అనేకం. అందుచేత పెద్ద పట్టణాలలో జమాఅతు చూసుకునే పని, చిన్న ఊళ్ళలో కుటుంబమే ముందుగా ఆలోచించుకోవలసి ఉంటుంది.

పైగా నేటి మరణం యుద్ధకాలపు మరణం వలె ఒక్క రోజులో రాదు. ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి డెబ్బై ఏళ్ళు. చిన్న దుకాణం. మూత్రపిండాలు పాడై, ఒకనాడు స్పృహ తప్పుతుంది. బొబ్బిలి నుంచి విజయనగరం, అక్కడినుంచి విశాఖపట్నం తీసుకుపోతారు. శ్వాసయంత్రం పెడతారు. పెద్ద కొడుకు దుకాణంలో, రెండవవాడు గల్ఫులో, కూతురు అత్తవారింట్లో. తల్లి ఆసుపత్రి వరండాలో తస్బీహు తిప్పుతూ కూర్చుంటుంది. వైద్యులు ఆశ లేదంటారు. యంత్రం తీయమంటే తండ్రిని చంపినట్లవుతుందేమోనని పెద్దవాడి భయం. తీయవద్దంటే రోజుకు వేల రూపాయల అప్పు. గల్ఫులో ఉన్నవాడు తాను వచ్చేవరకు ఆపమంటాడు. తండ్రి మనసులో ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎన్నడూ అడగలేదు గనుక. ఇటువంటి కుటుంబం బొబ్బిలిలోనే కాదు, ఎక్కడైనా ఉండవచ్చు. ఆ తండ్రి ముందే తేల్చి ఉండవలసిన విషయాలు నాలుగు.

మొదటిది: అప్పులు, అమానతులు, మహర్

మృతుని ఆస్తి విషయంలో షరీఅతు ఒక వరుస నిర్ణయించింది. మొదట ఖనన వ్యయం, తరువాత అప్పులు, ఆ తరువాత మూడోవంతుకు లోబడి వసీయత్, చివరకు వారసుల భాగాలు. అప్పు తీరకుండా వారసత్వం పంచుకోరాదు. ఒకప్పుడు కొద్ది దీనార్ల అప్పుతో మరణించిన వ్యక్తి జనాజా వచ్చినప్పుడు మహనీయ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా నమాజు చేయించక, మీరు చేయించుకోండని సహచరులతో అన్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన బాధ్యత అని ముందుకు వచ్చిన తరువాతనే నమాజు చేయించారు. అప్పు ఎంత గంభీరమైన విషయమో దీనివల్ల తెలుస్తున్నది.

మన ఇళ్ళలో మరచిపోయే అప్పు ఒకటి ఉంది. అది భార్య మహర్. నికాహ్‌నామాలో రాసిన మొత్తం అనేకుల విషయంలో చెల్లించకుండానే మిగిలిపోతుంది. భర్త చనిపోయిన రోజున, జనాజా లేవబోయే ముందు, ఏడుస్తున్న ఆ వితంతువు దగ్గరకు నలుగురు పోయి మహర్ మాఫ్ చేశానని చెప్పమనడం కొన్ని చోట్ల ఆచారంగా మారింది. ఆ సమయంలో ఆమె ఏమని కాదనగలదు? మనస్ఫూర్తిగా, ఒత్తిడి లేకుండా వదులుకుంటేనే అది క్షమాపణ అవుతుంది. శవం ఎదుట బలవంతాన అనిపించిన మాట ఆమె హక్కును రద్దు చేస్తుందని ఎలా అనుకోగలం? మహర్ బాకీ ఉంటే ఇప్పుడే చెల్లించడం ఉత్తమం. సాధ్యం కాకపోతే, ఇంత బాకీ ఉన్నదని స్పష్టంగా రాసి ఉంచడం తప్పనిసరి.

దుకాణం అరువులు, చేబదుళ్ళు, ఎవరో దాచమని ఇచ్చిన నగలు, చీటీ పాటలో కట్టవలసిన వాయిదాలు, చెల్లించని జకాత్, తప్పిపోయిన ఉపవాసాల ఫిద్యా కూడా ఈ జాబితాలో చేరాలి. మనకు రావలసినవి కూడా రాయాలి. అవి వారసుల హక్కు.

రెండవది: మూడోవంతు

వసీయత్ రాయవలసిన విషయం ఉన్న ముస్లిం, అది రాసి దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని మహనీయ ప్రవక్త (స) బోధించారు. ఆ మాట విన్ననాటినుంచి ఒక్క రాత్రి కూడా వసీయత్ లేకుండా గడపలేదని ఇబ్ను ఉమర్ (రజి) చెప్పుకున్నారు. ఆయన అప్పటికి యువకుడు. వసీయత్ ముసలివారి పని అనుకోవడం సరికాదని ఇందుమూలంగా గ్రహించాలి.

సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వృత్తాంతం మరింత ఆలోచింపజేస్తుంది. మక్కాలో తీవ్రంగా జబ్బుపడిన ఆయన తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. ప్రవక్త (స) వద్దన్నారు. సగం అన్నారు. అదీ వద్దన్నారు. మూడోవంతు అన్నప్పుడు, మూడోవంతు కూడా ఎక్కువేనని చెబుతూ, వారసులను ఇతరుల ముందు చేయి చాపే స్థితిలో వదలడం కంటే సంపన్నులుగా వదలడం మేలని బోధించారు. దానధర్మం పేరుతో కూడా కుటుంబాన్ని కష్టపెట్టరాదన్నది ఇందులోని నీతి. ఇంకొకటి కూడా గమనించాలి. వసీయత్ మాట ఎత్తిన సఅద్ (రజి) ఆ జబ్బుతో చనిపోలేదు. కోలుకుని, తరువాత కాదిసియ్యా యుద్ధంలో ముస్లిం సేనకు నాయకత్వం వహించారు. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయానికి ఇంతకంటే మంచి సమాధానం ఏముంటుంది?

మన దేశంలో 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని వీలునామా నిబంధనలు ముస్లింల వీలునామాలకు వర్తించవు. ముస్లిం నోటిమాటగా చెప్పిన వసీయత్ కూడా చెల్లుతుంది. కాని నోటిమాటను న్యాయస్థానంలో రుజువు చేయడం కష్టం. కాబట్టి రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవడం ఎంతైనా మంచిది. అప్పులు, ఖనన వ్యయం పోగా మిగిలిన దానిలో మూడోవంతుకు మించి రాయరాదు. మించితే వారసులు ఒప్పుకోవాలి. వారసునికే అదనంగా రాస్తే, మిగతా వారసుల సమ్మతి లేనిదే చెల్లదు. ఒక కొడుకుమీది ప్రేమతోనో, కూతురికి కట్నం ఇచ్చేశామన్న సాకుతోనో కూతుళ్ళ భాగం ఎగ్గొట్టడానికి వసీయత్‌ను సాధనం చేసుకోరాదు. ఆ భాగం అల్లాహ్ నిర్ణయించినది. సేవ చేసిన కోడలు, తండ్రి లేని మనుమలు, వారసత్వం రాని దగ్గరివారు ఉంటే వారికి ఆ మూడోవంతులోనుంచి రాయవచ్చు.

మూడవది: వైద్యం ఎంతవరకు?

ఇది అన్నిటికంటే సున్నితమైన విషయం. మూడు సంగతులను వేరువేరుగా చూడాలి.

ప్రాణం తీయడానికి మందు ఇవ్వడం, ఇమ్మని కోరడం ఇస్లాంలో నిషిద్ధం. దేశ చట్టంలో కూడా నేరం. బాధ ఎంత ఉన్నా మరణాన్ని కోరుకోరాదని హదీసు బోధిస్తున్నది. ఇందులో సందేహానికి తావులేదు.

నొప్పి తగ్గించడం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అది రోగి హక్కు. నయంకాని జబ్బు ఉన్నవారికి నొప్పి, ఆయాసం, పుండ్లు, భయం తగ్గేలా చూసే పాలియేటివ్ కేర్ అనే వైద్యం మన దేశంలో పెరుగుతున్నది. కేరళలోని కోజికోడ్‌లో 1993లో ఇందుకోసం ఒక సంఘం ఏర్పడింది. అక్కడినుంచి మలప్పురం వంటి జిల్లాలలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్ళకు వెళ్ళే పద్ధతి వ్యాపించింది. 2008లో కేరళ ప్రభుత్వం దీనికొక విధానాన్ని ప్రకటించింది. మార్ఫిన్ వంటి నొప్పి మందులు ఆసుపత్రులకు సులభంగా అందేందుకు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. క్యాన్సర్ రోగులకు హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి, మన ప్రాంతం వారికి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. నయం చేయలేమని డాక్టరు చెప్పినప్పుడు, ఇంటికి తీసుకుపోవడమొక్కటే మార్గం అనుకోక, నొప్పి తగ్గించే వైద్యం ఎక్కడ దొరుకుతుందని అడగాలి. రోగిని పరామర్శించడం సున్నత్ అని మనమందరం చెప్పుకుంటాం. మలప్పురంలో ఇరుగుపొరుగువారు చేస్తున్న పని కూడా పరామర్శే, కాస్త నేర్చుకుని చేసే పరామర్శ.

మూడవది, ఆశ లేనప్పుడు యంత్రాలు. మూర్ఛలతో బాధపడే ఒక స్త్రీ ప్రవక్త (స) వద్దకు వచ్చినప్పుడు, సహనం వహిస్తే స్వర్గం, కోరితే స్వస్థతకు దుఆ అని ఆయన ఆమెకే ఎంపిక వదిలారు. ఆమె సహనం ఎంచుకుని, ఆ స్థితిలో తన శరీరం బయటపడకుండా దుఆ చేయమని మాత్రం కోరింది. ఈ హదీసు ఆధారంగా, ఫలితం నిశ్చయం కాని వైద్యం చేయించుకోవడం ప్రతివారికీ విధి కాదని అనేక మంది ఫుఖహా అభిప్రాయపడ్డారు. 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, మెదడు పనులన్నీ తిరిగి రాని విధంగా ఆగిపోయాయని నిపుణులు నిర్ధారించినప్పుడు, గుండె యంత్రం సాయంతో కొట్టుకుంటున్నా యంత్రాలు తీయవచ్చునని తీర్మానించింది. అయితే అంతవరకు పోని స్థితులలో, ముఖ్యంగా ఆహారం, నీరు ఆపే విషయంలో, నమ్మదగిన ఆలింను, నిపుణుడైన వైద్యుని కలిపి సంప్రదించాలి. ఇంట్లో కూర్చుని ఎవరికి వారు ఫత్వా ఇచ్చుకోరాదు.

చట్టం విషయానికి వస్తే, 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఎటువంటి వైద్యం వద్దో ముందే రాసి ఉంచే హక్కు వ్యక్తికి ఉన్నదని తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. పద్ధెనిమిదేళ్ళు నిండి, స్వస్థచిత్తంతో ఉన్నవారు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసుకుంటే చాలు. తన తరఫున మాట్లాడవలసినవారు ఎవరో అందులో పేర్కొనాలి. సమయం వచ్చినప్పుడు రెండు వైద్య బృందాలు ఒకదాని తరువాత ఒకటి పరిశీలించి ఒప్పుకున్న తరువాతనే దానిని అమలు చేస్తారు. షరీఅతు హద్దులకు లోబడే నా కోరిక అని ఆ కాగితంలో ఒక ముస్లిం స్పష్టంగా రాసుకోవచ్చు. ఎవరికీ ఏమీ వద్దని రాయాలని ఇక్కడ చెప్పడం లేదు. చివరివరకు వైద్యం కావాలనుకునేవారు ఆ మాటే రాయవచ్చు. ముఖ్యమైనది, ఆ నిర్ణయం భారం ఆసుపత్రి వరండాలో కూర్చున్న కొడుకు మీద పడకపోవడం.

చివరి ఘడియల్లో కలిమా మెల్లగా వినిపించడం, పెదవులు తడపడం, ఖిబ్లా వైపు తిప్పడం, అల్లాహ్ కారుణ్యాన్ని గుర్తుచేయడం మన ధర్మం. ఇవన్నీ దగ్గర మనుషులు ఉంటేనే జరిగే పనులు. ఆశ వదులుకున్న తరువాత మనిషిని ఎవరూ ప్రవేశించలేని గదిలో ఉంచాలా, తన వారి మధ్య ఉంచాలా అన్నది ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం.

నాలుగవది: గుస్ల్, కఫన్, ఖబరు

పాశ్చాత్య దేశాలలో శవాన్ని రసాయనాలతో నిలవచేసి, ఖరీదైన పెట్టెలో పెట్టి, రాతి కట్టడం కట్టే పద్ధతిమీద ఇటీవల అసంతృప్తి పెరిగింది. ఇంగ్లండులోని కార్లైల్ పట్టణ శ్మశానంలో 1993లో చెట్ల మధ్య, రసాయనాలు లేకుండా, రాళ్ళు లేకుండా పూడ్చే విభాగం ప్రారంభమైంది. దీనిని అక్కడివారు కొత్త ఆలోచనగా స్వీకరించారు. మనకు ఇది పద్నాలుగు వందల ఏళ్ళుగా తెలిసిన మార్గమే. తెలిసిన మార్గాన్ని మనం నిలబెట్టుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

గుస్ల్‌కు ప్రవక్త (స) తన కుమార్తె విషయంలో ఉమ్ము అతియ్యా (రజి)కు చెప్పినవి నీరు, రేగాకు, కర్పూరం. రేగుచెట్టు మన ఊళ్ళలో కంచె కంచెకూ ఉంది. అబూబక్ర్ (రజి) తనకు గుస్ల్ తన భార్య అస్మా (రజి) చేయాలని కోరుకున్నారు. ప్రతి ఊళ్ళో కనీసం నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు ఈ పని నేర్చుకోవడం ఫర్జె కిఫాయా నెరవేర్చుకోవడమే.

కఫన్ విషయంలో అబూబక్ర్ (రజి) మాటే మనకు చాలు. తన పాత వస్త్రాన్నే ఉతికి వాడమని, కొత్త గుడ్డ అవసరం బ్రతికి ఉన్నవారికే ఎక్కువని ఆయన చెప్పారు. ఉహద్‌లో అమరుడైన ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) ఒకప్పుడు మక్కాలో ఖరీదైన బట్టలు కట్టిన యువకుడు. ఆయనకు దొరికిన ఒకే గుడ్డ తలకు కప్పితే కాళ్ళకు చాలలేదు. కాళ్ళమీద గడ్డి కప్పి ఖననం చేశారు. కాబట్టి కఫన్‌కు పొందూరు సన్న ఖద్దరే కావాలని ఎవరూ కోరనక్కరలేదు. మామూలు తెల్లని నూలుగుడ్డ చాలు. టెరికాటన్ వంటివి మాత్రం వద్దు. అవి మట్టిలో కలవవు.

ఖబరుకు బొబ్బిలి ప్రాంతపు ఎర్రనేల గట్టిగా ఉన్నచోట లహద్, అంటే పక్కగోడలో తొలిచిన అర, అనుకూలం. వదులు నేలలో మధ్యలో తవ్వే షఖ్ సరిపోతుంది. అరను మూయడానికి పచ్చి ఇటుక, రెల్లు వాడవచ్చునని, కాల్చిన ఇటుక తగదని హనఫీ గ్రంథాలు చెబుతున్నాయి. వీణకోసం పనస దుంగలు వెదికే ఈ ఊరికి మంచి కలప ఎంత అరుదో చెప్పనక్కరలేదు. వెదురు, సరుగుడు వాసాలతో పని జరిగేచోట ఖరీదైన పలకలు ఎందుకు?

ఖబరు మీద గచ్చు వేయడాన్ని, కట్టడం కట్టడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. ఇందులో సమానత్వం ఒక్కటే కాదు, ఇతరుల హక్కు కూడా ఉంది. ఖబరస్థాన్ వక్ఫ్ భూమి. ఏ ఒక్క కుటుంబానికీ సొంతం కాదు. పాత దేహం పూర్తిగా మట్టిలో కలిసిపోయిన తరువాత అదే చోట మరొకరిని ఖననం చేయవచ్చునని హనఫీ ఫుఖహా చెప్పారు. మట్టి ఖబర్లున్న నేల అలా తరతరాలకు సరిపోతుంది. సిమెంటు వేసిన ఆరడుగులు మాత్రం శాశ్వతంగా ఆగిపోతాయి. తన తండ్రిమీది గౌరవంతో కొడుకు వేసిన సిమెంటు, రేపు చనిపోయే బీదవాని చోటును ఆక్రమిస్తుంది. గుర్తుకోసం ఒక రాయి పెట్టుకుంటే చాలు.

దూరంలో మరణించినవారి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయిషా (రజి) సోదరుడు అబ్దుర్రహ్మాన్ మక్కా వెలుపల మరణించగా దేహాన్ని మక్కాకు తెచ్చారు. తాను దగ్గర ఉంటే మరణించినచోటనే ఖననం చేయించేదానినని ఆమె అన్నారు. గల్ఫునుంచి దేహం విమానంలో రావాలంటే రసాయనాలు ఎక్కించాలి, పెట్టె కావాలి, రోజుల తరబడి ఆగాలి. అక్కడ ముస్లిం ఖబరస్థాన్ ఉన్నప్పుడు అక్కడే ఖననం చేయడంలో కొదువ ఏమీ లేదు. కాని తల్లి మనసు ఒప్పుకోవాలంటే, ఆ మాట కొడుకు ముందే తల్లితో చెప్పి ఉండాలి.

ఖననం తరువాత

ముఅతాలో జఅఫర్ (రజి) అమరుడైన వార్త రాగా, ఆయన ఇంటివారికి భోజనం తయారు చేయమని ప్రవక్త (స) ఇతరులను ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు వండి పంపాలి. మన ఊళ్ళలో మూడో రోజున, పదో రోజున, నలభయ్యో రోజున దుఃఖంలో ఉన్న ఇల్లే ఊరికి వండి పెడుతున్నది. ఈసాలె సవాబ్ విషయంలో ఉలమా మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ వద్దు. ఒక్క సంగతిలో మాత్రం భేదం లేదు. వారసులలో చిన్నపిల్లలుంటే వారి భాగంలోనుంచి విందుకు ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయరాదు. అప్పు చేసి పెట్టిన బిర్యానీ వల్ల మృతునికి ఏ మేలు కలుగుతుంది? నా కోసం విందు వద్దు, ఆ డబ్బుతో ఒక యతీముకు పుస్తకాలు కొనండని పెద్దాయనే రాసిపెడితే, లోకులేమంటారోనన్న భయం పిల్లలకు ఉండదు.

మరణాన్ని ఇరవైయొక్క రోజులలోగా పురపాలక సంఘంలో గాని, గ్రామంలో గాని నమోదు చేయించాలి. 1969 నాటి చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. ధ్రువపత్రం లేకపోతే వితంతువు పింఛను, బ్యాంకు ఖాతా, భూమి మార్పిడి అన్నీ ఆగిపోతాయి.

ఇంత చదివిన తరువాత కొందరు, అల్లాహ్‌పై భారం వేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలిసిందే. ఒంటెకు ఒక తాడు ఎలాగో, ఈ నాలుగు విషయాలకు ఒక కాగితం అలాగే. ఒక శుక్రవారం సాయంత్రం, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు, పెద్దాయనే మాట ఎత్తాలి. పిల్లలు ఎత్తలేరు. బాకీలు, మూడోవంతు, వైద్యం, ఖననం అన్న నాలుగు శీర్షికలు రాసి, ఒక్కొక్కదాని కింద నాలుగు వాక్యాలు రాస్తే చాలు. భార్య కూడా తన కాగితం తాను రాసుకోవాలి. ఆమెకూ ఆస్తి ఉంది, కోరికలున్నాయి. ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. వైద్యానికి సంబంధించినది నోటరీ చేయించాలి. ఏటా రమజానులో ఒకసారి తీసి చూసుకుని, తీరిన అప్పు కొట్టివేసి, కొత్తది చేర్చుకోవాలి.

అల్లాహ్ మనందరికీ బాకీలు లేని మరణాన్ని, బాధ తక్కువైన చివరి ఘడియలను, మన వెనుక ఉండేవారికి మనవల్ల భారం లేని మేలైన ముగింపును ప్రసాదించుగాక! ఆమీన్.